మూడు గుండ్లు ఇచ్చారు, మూడు గుండ్లు తెచ్చాను

కాదు, ముందు ఈ విషయం తేల్చండి. మూడు గుండ్లు నాకు అప్పజెప్పారు, మూడు గుండ్లు తెచ్చి ఇచ్చాను. లెక్క తప్పిందా? తప్పలేదు. మరి మా ఇంట్లో ఎవరి పుట్టినరోజు జరిగినా, కేకు కోసిన పది నిమిషాలకల్లా ఎవరో ఒకరు "ఫోన్ల తలకాయ వెట్టి పిల్లగాన్నే మార్చుకొచ్చింది గదా ఈమె" అని ఎందుకు మొదలుపెడతారు? తెలిసినవాళ్లు నవ్వుతారు, కొత్త చుట్టాలు నోరు తెరిచి నా వైపు చూస్తారు, నేను ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతాను. ఇన్నాళ్లూ వాళ్ల మాటే చెల్లింది. ఇవాళ నా మాట రాస్తున్నాను (అవును, ఫోన్లోనే రాస్తున్నాను, ఏం చేసుకుంటారో చేసుకోండి).

ఆ రోజుల్లో ఉప్పల్ అంటే దుమ్ము. మెట్రో పిల్లర్ల కోసం రోడ్డు నడిమధ్యలో తవ్విపెట్టారు, రింగ్ రోడ్డు దాటడానికి పట్టే టైములో మనిషి ఒక కునుకు తీయొచ్చు. తెలంగాణ ఉద్యమం కాబట్టి వారంలో రెండు రోజులు బంద్, బంద్ అంటే స్కూళ్లకు సెలవు, స్కూళ్లకు సెలవంటే మా అక్క పిల్లలు ముగ్గురూ మా ఇంట్లో, అంటే నా నెత్తి మీద. నాకు అప్పటికి ఇరవై రెండేళ్లు. నాచారంలో ఒక మందుల కంపెనీలో కొత్తగా చేరాను. బెల్టు మీద సీసాలు వరసగా పోతుంటే, వాటిలో లేబుల్ వంకరగా అంటించినదాన్ని చూసి పక్కకు తీయడం నా పని. (ఈ ఉద్యోగం సంగతి తర్వాత మా బావ ఎలా వాడుకున్నాడో చెబుతాను.) మొదటి జీతంతో ఒక ఫోన్ కొన్నాను, పైకి జరిపితే కింద మీటలు బయటపడే రకం. అది కొన్న రోజు నుంచి మా ఇంట్లో కరెంటు పోయినా, కుక్కర్ మాడినా, పాలు పొంగినా తప్పు దానిదే.

ఇంతకీ ఆ ప్రయాణం నేను అడిగింది కాదు. మా అక్క పెద్దకొడుకు, మేం పెద్దోడు అంటాం, వాడికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గితే ముగ్గురు పిల్లలకూ గుట్ట మీది గుడిలో గుండు చేయిస్తానని మా అమ్మ వాళ్లనడక్కుండా మొక్కేసింది. పెద్దోడికి ఏడేళ్లు, చిట్టికి ఐదు, బుడ్డోడికి మూడు. బుడ్డోడివి పుట్టువెంట్రుకలే ఇంకా తీయలేదు, వాడికి వీపు దాకా జుట్టు. మా అక్కకు అదొక ముచ్చట, రోజూ రెండు జడలేసి రిబ్బన్లు కట్టేది. పిల్లలు గుండు అనగానే ఏడుపు లంకించుకున్నారు. మౌలాలిలో రైల్వే ఉద్యోగం చేసే మా బావకు సెలవు దొరకడమే కష్టం, దొరికిన ఒక్కరోజూ ఏడుపు వినాలా అని ఆయన ఒక ఉపాయం చెప్పాడు. పొద్దున గుట్ట, మధ్యాహ్నం నుంచి తిరుగుదారిలో హైవే పక్కనున్న థీమ్ పార్కు. ఏనుగు నోట్లోంచి జారే జారుడుబండ, అలలొచ్చే కొలను, పిల్లల రైలు. ఏడుపు టక్కున ఆగింది. చిట్టి అయితే ఇంకో గుండు కూడా చేయించుకుంటానంది.

గుట్ట మీద ఫోన్లు కౌంటర్లో పెట్టమన్నారు, పెట్టాను. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆరోజు నా చేతిలో ఫోన్ లేని టైము ఆ ఒక్క గంటే, గుండ్లు చేసింది ఆ గంటలోనే. ముగ్గురూ గంధం పూసుకుని బయటికొస్తే నేనే ఒక్క క్షణం ఆగి చూడాల్సి వచ్చింది. జుట్టుతో పాటు వాళ్ల ముఖాలు కూడా ఎవరో తీసేసుకున్నట్టు ఉన్నారు.

పార్కులో నీళ్లలోకి దిగాలంటే వాళ్లిచ్చే నైలాన్ డ్రెస్సే వేసుకోవాలని రూల్. పిల్లలందరికీ ఒకటే నీలం, ఒకటే తెల్ల గీత. మా అక్క గొలుసూ సంచులూ చూసుకుంటూ చెట్టుకింద చాప వేసుకుంది. మా బావ "పిల్లలు జాగ్రత్త" అని నాతో అని, పాటలు మోగుతున్న రెయిన్ డాన్స్ వైపు వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు. నేను పిల్లల కొలను గట్టు మీద, ఫోన్‌ను పాలిథిన్ కవర్లో పెట్టుకుని కూర్చున్నాను. మొదట్లో భలే ధీమాగా ఉండింది. ఎంత రద్దీ ఉన్నా గుండ్లు దూరం నుంచే మెరుస్తాయి కదా, తల ఎత్తడం, ఒకటి రెండు మూడు అనుకోవడం, తల దించడం. ఓ గంట పోయాక తల ఎత్తితే కొలనులో ముప్పై గుండ్లున్నాయి. గుట్టకు పోయి తిరిగొచ్చే దారిలో ఆగాలన్న ఉపాయం తెలంగాణ మొత్తంలో మా బావ ఒక్కడికే వచ్చిందనుకున్నాం మేము.

అయినా నేను వదల్లేదు. పుట్టగొడుగు లాంటి గొడుగు పైనుంచి నీళ్లు పడే చోట ముగ్గురు ఆడుతున్నారు, పెద్దది, నడిమిది, చిన్నది. వాళ్లనే చూస్తున్నాను. మధ్యమధ్యలో మెసేజ్ చేశాను, ఒప్పుకుంటాను (ఎవరికో మీకెందుకు). సాయంత్రం నాలుగైంది, ముగ్గురినీ నీళ్లలోంచి లాగి, తువ్వాళ్లు తలమీంచి కప్పి, "చలి పెడుతున్నదారా బుడ్డోడా" అని అడిగితే చిన్నది తలూపింది కూడా. నా వేలు పట్టుకుని నడిచింది. తీసుకెళ్లి అక్క ముందు నిలబెట్టాను.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో ఎవరూ వినలేదు. మా అక్క ముగ్గురి తలలూ తుడిచింది, ముగ్గురికీ బట్టలు మార్చింది, ఇంట్లోంచి తెచ్చిన అటుకుల చుడువా కాగితాల్లో పోసి ముగ్గురికీ పెట్టింది. బుడ్డోడు కారం తగిలితే ఇల్లు పీకి పందిరేసే రకం. అలాంటిది చుడువాలో వేయించిన పచ్చిమిరపకాయ ఏరుకుని మరీ నములుతున్నాడు. మా అక్క కళ్లు నీళ్లతో నిండిపోయాయి. "సూసినవానే, మొక్కు తీరిందో లేదో బిడ్డ కారం తింటుండు" అంది నాతో. అని ఇంకో మిరపకాయ ఏరి వాడి నోట్లో పెట్టింది. పెట్టి, ముఖం తుడుద్దామని గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఈడెవడే?" అంది.

నేను చూశాను. పెద్ద పెద్ద కళ్లు, ముందు పన్ను విరిగి ఉంది, బుడ్డోడి అంగీ బిగుతుగా తొడుక్కుని హాయిగా నములుతున్నాడు. పేరేంటని అడిగితే చిన్నా అన్నాడు. ఆ పార్కులో చిన్నా కాని పిల్లవాడు ఉంటాడా? మూడేళ్ల పిల్లాడు, చుట్టూ నీళ్లు. పెద్దోడి భుజాలు పట్టుకుని ఊపేశాను, పక్కనే ఆడావు కదరా, తమ్ముడు కాదని తెలియలేదా అని.

"తెల్సు" అన్నాడు వాడు చుడువా నములుతూ. "ఈడు మంచిగ ఆడుతుండు, ఏడుస్తలేడు. అందుకే ఉండనిచ్చిన."

మరి బుడ్డోడు ఎటు పోయాడంటే వాళ్లతో పోయాడన్నాడు. వాళ్లెవరంటే ఏమో అన్నాడు.

నేనూ అక్కా పిల్లల్ని ఈడ్చుకుంటూ అనౌన్స్‌మెంట్ గదికి పరిగెత్తాం. మైకు దగ్గరున్న అన్న నిదానంగా ఆనవాళ్లు అడిగాడు. గుండు, నీలం డ్రెస్సు అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ నన్ను చూసి, "ఇయ్యాల మంచి రోజక్కా, ఇక్కడున్న పిల్లల్ల సగం మంది గట్లనే ఉన్నరు. ఫోటో ఉన్నదా?" అన్నాడు. ఫోటోనా? నా దగ్గరా? పార్కులో తీసినవే పద్నాలుగు ఉన్నాయని గబగబా తెరిచాను. పద్నాలుగింటిలోనూ నేనే ఉన్నాను. ఒకదాంట్లో మూలన ఒక చెవి ఉంది, అది మా బుడ్డోడిదే అని నేను ఈ రోజుకీ అంటాను, ఆయన ఒప్పుకోలేదు. ఇంకా వెనక్కి జరిపితే ముందు వారం తీసిన ఫోటో దొరికింది. అందులో బుడ్డోడు రెండు జడలతో, కనకాంబరాలతో, చిట్టి పాత గులాబీ గౌనులో ఉన్నాడు (జుట్టు తీసేలోపు ఒక్కసారి అని మా అక్కే తొడిగింది, నేను కాదు). ఆయన ఫోన్ తీసుకున్నాడు, నేను వివరం చెప్పే లోపే మైకు నొక్కాడు. మూడేళ్ల పాప తప్పిపోయింది, రెండు జడలు, గులాబీ గౌను అని పార్కంతా మోగింది. మా అక్క ఏడుపు అందుకుంది. నేను మైకు లాక్కుని, పాప కాదు బాబు, జడలు ఇప్పుడు లేవు, గుండు, గౌను కాదు నీలం డ్రెస్సు అని అరిచాను. రెండు నిమిషాల్లో గది ముందు ఏడెనిమిది కుటుంబాలు గుండ్లతో వరసకట్టాయి. ఒకావిడ రెండు జడల పాపను రెక్కపట్టుకుని తెచ్చి, నా బిడ్డ నా దగ్గరే ఉంటే తప్పిపోయిందని ఎందుకు చెబుతున్నారని కొట్లాటకు దిగింది. బుడ్డోడు మాత్రం లేడు.

అప్పుడు ఆ చిన్నా నా వేలు లాగాడు. వాళ్ల నానమ్మ రేకుల షెడ్డు కాడ ఉందట. నాకు అప్పుడు వెలిగింది, వీడు మా దగ్గరుంటే మావాడు వాళ్ల దగ్గరే ఉండాలి కదా. అక్కను అక్కడే ఉంచి వాణ్ని ఎత్తుకుని పరిగెత్తాను. షెడ్డు కింద జనగామ వైపు నుంచి వచ్చిన పెద్ద కుటుంబం, విస్తర్లు పరుచుకుని పులిహోర తింటున్నారు. వరసగా గుండ్లు. మధ్యలో ఒక ముసలవ్వ. పిల్లాడు తారుమారయ్యాడని నేను రొప్పుతూ చెబితే ఆమె చెయ్యి అడ్డం ఊపింది.

"మా ఏడుగురు మాకున్నరు బిడ్డ. ఇప్పుడే లెక్క వెట్టిన."

ఇందాకటి దాకా నేనూ అంతే ధీమాగా ఉన్నాను కాబట్టి వాదించలేదు. చిన్నాను కిందికి దించి వరసలో నిలబెట్టాను. ఆమె మళ్లీ వేలితో లెక్కపెట్టింది. మరోసారి పెట్టింది. "ఒకడు ఎక్కువొచ్చిండు" అంది, ఆ ఎక్కువవాణ్ని నేనే తెచ్చినట్టు.

బుడ్డోడు ఎవరో ఆడమనిషి ఒళ్లో కూర్చుని ఉన్నాడు. బుగ్గ నిండా పులిహోర. బుడ్డోడా రా అని చేతులు చాపాను. వాడు నా వైపు చూశాడు, తీరిగ్గా ముఖం తిప్పుకుని ఆమె కొంగు పట్టుకున్నాడు. మళ్లీ పిలిచాను. కదల్లేదు. ముసలవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నీ పిల్లగాడైతే నీ కాడికి ఉరికి రావాలె గద" అంది. షెడ్డులో అందరూ తినడం ఆపారు. ఆ మధ్యాహ్నం నీళ్లలోంచి వాడు నన్ను చాలాసార్లు పిలిచాడు. పిన్నీ సూడు, పిన్నీ సూడు అని. ప్రతిసారీ ఊఁ అన్నాను, చూడలేదు. కాసేపటికి పిలుపు ఆగింది, అది మంచిదే అనుకున్నాను. ఇప్పుడు చూద్దామంటే వాడు చూడట్లేదు.

ఏం చేయాలో తెలియక కళ్లు తుడుచుకుందామని చెయ్యెత్తాను, ఆ చేతిలో ఫోన్ ఉంది. బుడ్డోడు దాన్ని చూశాడు. ఒళ్లోంచి దిగి, పులిహోర చేతులతోనే వచ్చి, ఫోన్ లాక్కుని, పైకి జరిపి, లాక్ తీసే రెండు మీటలూ సరిగ్గా నొక్కి, పాము ఆట పెట్టుకుని నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ముసలవ్వ ఒకసారి వాణ్ని, ఒకసారి నన్ను చూసింది.

"నీ వోడే. తీస్కపో" అంది. ఇంకేం సాక్ష్యం కావాలి? అయినా నేను వెళ్లబోతుంటే, ఇంటికి పోయేదాకా దాన్ని సంచిలో పెట్టుకోమని ఆమె కూడా చెప్పింది. ఆమె కూడా.

తిరుగు ప్రయాణంలో సుమోలో బావ తడి తలతో ముందు సీట్లో కూర్చుని, ఘట్‌కేసర్ దాటేదాకా తల తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత డ్రైవర్‌తో చెబుతున్నట్టుగా, "మా మరదలు కంపెనీల సీసాలు చెక్ చేస్తది అన్నా. దగ్గు మందు కొనేటప్పుడు జర చూసుకో" అన్నాడు. ఉప్పల్ వచ్చేదాకా వాళ్లిద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, అసలు ఎవరు గుర్తుపట్టారని. "నేనే. సూడంగనే తెల్సింది" అంది మా అక్క. నేను నోరు తెరిచాను. చుడువా, మిరపకాయ, మార్చిన బట్టలు, తుడిచిన తల, అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. అక్క నా వైపు చూడలేదు. నిద్రపోతున్న బుడ్డోడి గుండు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది, వాడు పక్కకు దొర్లినా ఆ చెయ్యి తీయలేదు. నోరు మూసుకున్నాను. కోపం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఆ ఇరవై రెండేళ్ల పిల్ల తన జన్మలో మొదటిసారి, గెలిచే మాట నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడకుండా లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లిపోయింది. తల్చుకుంటే దాన్ని ఒకసారి దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది, ఫోన్ చేతిలోనే ఉంచి.

నేను ముఖం చూడలేదు, నిజమే. మా అక్క చూడకుండానే తల తుడిచింది, అంగీ తొడిగింది, చేత్తో తినిపించింది. తొమ్మిది నెలలు మోసిన మనిషికే మిరపకాయ నమిలేదాకా తెలియలేదు, ఆమె చేతిలో ఏ ఫోనూ లేదు. అలాంటప్పుడు, ముప్పై గుండ్ల మధ్యలో కూర్చుని మెసేజ్ చేసుకునే పిన్నికి మాత్రం తెలిసి తీరాలని మీలో ఎవరైనా నా ముఖం మీద అనగలరా?