పైలం అంటే తెలుగు కాదట

ఆ రోజుల్లో, అంటే నేను రిటైరైన కొత్తలో, నాకు కోపం కూడా వేళ ప్రకారమే వచ్చేది. పొద్దున పేపరు చదివేటప్పుడు ఒకసారి, సాయంత్రం నారాయణగూడ చౌరస్తా దాటేటప్పుడు ఒకసారి. (డైరీ రాసే అలవాటు ఉంది కనుక ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.) వేళ తప్పి వచ్చిన పెద్ద కోపం ఒక్కటే.

అప్పుడు ఐదో తరగతిలో ఉన్న మా మనవరాలు తెలుగు పుస్తకం కనబడితే పక్కగదిలోకి పోయేది. చిక్కడపల్లిలోని వాళ్ల బడీ, కోస్తా వైపు ఒక బడీ కలిసి పిల్లల కోసం ఫోన్‌లో గ్రూపు పెట్టాయి. ఇక్కడి పిల్ల రాసింది అక్కడి పిల్ల చదివి జవాబు రాయాలి. మా పిల్లకు అక్కడొక స్నేహితురాలు కుదిరింది. ఇక చూడాలి, బడి నుంచి రాగానే బ్యాగు పడేసి రాతకు కూర్చునేది. చివర ఎప్పుడూ "పైలం" అని రాసేది. జాగ్రత్త అని అర్థం. ఎవరు గడప దాటినా మా ఆవిడ అనే మాట.

ఒకరోజు అక్కడి టీచరమ్మ ఆ మాటను ఎర్రగా కొట్టేసి, "ఇది తెలుగు కాదు, జాగ్రత్త అని రాయాలి" అని అందరి ముందు గ్రూపులో పెట్టింది. పిల్ల ఫోన్ తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"నేనింక రాయ తాతా."

"ఏమైంది బిడ్డా?"

"నానమ్మ మాట తప్పంట."

వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్న చప్పుడు ఆగింది. నాకు ఒళ్లు మండింది. అయినా పద్ధతి తప్పకుండా "గౌరవనీయులైన ఉపాధ్యాయిని గారికి" అని చిత్తుప్రతి రాసుకొని, టైపు చేయడం చేతకాక మైకు గుర్తు నొక్కాను. నోరు తెరిచేసరికి చిత్తుప్రతి ఎటు పోయిందో.

"ఏందమ్మా, గట్లెట్ల కొట్టేస్తరు? గది తెలుగు కాకపోతే ఇన్నేండ్ల సంది మేము మాట్లాడేది ఏందమ్మా? పిల్ల ఇగ రాయనంటున్నది. గా పాపం మీకే తాకుతది."

అది టీచరమ్మ ఒక్కదానికే పోలేదు, పిల్లల గ్రూపులోకి పోయింది. ఆవిడ జవాబివ్వలేదు. (ఈ రోజుకీ ఇవ్వలేదు.) వచ్చినవన్నీ పిల్లల ప్రశ్నలే. "తాతగారూ, గట్లెట్ల అంటే ఏంటండీ?" "ఇన్నేండ్ల సంధి అంటే గుణసంధాండీ, సవర్ణదీర్ఘమాండీ?" ఆఖరున మనవరాలి స్నేహితురాలు: "పైలం నాకు నచ్చింది. మా తమ్ముడికి కూడా చెప్తున్నాను. నువ్వు రాయడం మానకే."

పిల్ల నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది. "అది వ్యాకరణం సంధి కాదు, సంది అంటే నుంచి అని" అంటూ మొదలుపెట్టి, పళ్లెంలో అన్నం చల్లారేదాకా రాసింది. నేను తిట్టిన ప్రతి మాటకూ అర్థం రాసింది, తిట్టేటప్పుడు నా ముక్కు ఎట్లా ఉబ్బుతుందో కూడా రాసింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం వచ్చి పక్కన కూర్చుంది. "తాతా, జర కోపానికి రా. వాళ్లు కొత్త మాటలు అడుగుతున్నరు, నా దగ్గరున్నయన్నీ ఒడిసినయ్."

ఆ పూట నాకు ఎవరి మీదా కోపం లేదు. కళ్లు మూసుకొని టీచరమ్మను తలుచుకున్నాను. చాలు, వచ్చింది.

"ఆగు తాతా, రాసుకోనీ" అంది పిల్ల. ఆగాను. నా కోపాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు అంతకు ముందు లేరు, ఆ తర్వాతా దొరకలేదు.