సేరింగ్ చాప ధర

పెతాంగ్ నోరంటే ఊళ్లో అందరికీ హడలు. అంతీకే తీరంలోని బజారులో ఏళ్ల తరబడి ఎండుచేపలమ్మిన మనిషి. పడవలవాళ్ల దగ్గర గీచి గీచి బేరమాడి కొనడం, కొనేవాళ్ల ముందు ఒట్లేసి అమ్మడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. మోకాళ్లు మొరాయించి దుకాణం కూతురికి అప్పగించినా, నోటికి మాత్రం విశ్రాంతి ఇవ్వలేదు. అది చూసే కాబోలు, చర్చి పండగ సంతలో ఏ సరుకు ఎంత పెట్టాలో, దేనికెంత ధర కట్టాలో చూసే పని ఆడవాళ్లంతా కలిసి ఆవిడ నెత్తిన పెట్టారు.

ఆ ఏడు తుఫానుకు ఊరి ఆడవాళ్లు చాపలల్లుకునే పాక కప్పు లేచిపోయింది. సంతలో వచ్చినదానితో రేకులు వేయించాలి. సరుకు విషయంలో పెతాంగ్ తడుముకోలేదు. పోయినేడు బుట్టలు మిగిలిపోయి ఎలకల పాలయ్యాయి కనక ఈసారి సగం చాలంది. అల్లంపొడి రెట్టింపు చేయమంది, పండగ ప్రార్థనల్లో పాడేవాళ్ల గొంతులు ఎలాగూ పోతాయి. పెద్ద పొట్లం చూస్తే జనం జేబు తడుముకుంటారని నల్లచక్కెరను చిన్న పొట్లాలుగా కట్టించింది. చిక్కంతా ధరల దగ్గర వచ్చింది.

"మనది న్యాయంగా అమ్మే సంత, మనాంగ్," అంది సిస్టర్ నింఫా. నిన్నగాక మొన్న వచ్చిన కుర్ర సన్యాసిని. పెద్దదని పెతాంగ్‌ని మనాంగ్ అనే పిలుస్తుంది. "చేసినవాళ్లే తమ వస్తువుకి ధర చెప్పాలి. దానిమీద కప్పు కోసం కాస్త వేసుకుందాం. ధర చెప్పని వస్తువు బల్ల ఎక్కదు."

"నేనమ్మిన చేపలేవీ తమ ధర తాము చెప్పుకోలేదు సిస్టర్. అయినా హాయిగా అమ్ముడుపోయాయి," అంది పెతాంగ్. అందరూ నవ్వారు గానీ సిస్టర్ నవ్వలేదు.

చక్కెర వండే లూపింగ్ బంగారం ధర చెప్పింది. పెతాంగ్ కళ్లెత్తి ఒక్క చూపు చూసేసరికి నేలకు దిగింది. బుట్టలవాళ్లు, అల్లంపొడివాళ్లు కాసేపు సణిగి ఏదో ఒకటి తేల్చారు. చివరికి నాయ్ సేరింగ్ వంతు వచ్చింది. డెబ్బై దాటిన విధవరాలు. అమ్మ వయసుదని ఊరంతా ఆవిడను నాయ్ అంటారు. ఆ తీరంలో మొగలి ఆకుతో చాప అల్లడంలో ఆవిడను మించినవాళ్లు లేరు. ఆ రోజు తెచ్చిన చాప పట్టుబట్టలా చేతిలోంచి జారిపోతోంది.

"ఎంత, నాయ్?"

"మీ ఇష్టం."

"నా ఇష్టమేంటి? నువ్వు చెప్పాలి."

"ఎంతైనా ఫర్లేదు ఇండాయ్."

అరవై ఏళ్ల పెతాంగ్‌ని ఇండాయ్, చిన్నపిల్లా అని పిలవగలిగేది ఊళ్లో ఆవిడొక్కతే. ధర చెప్పడంలో అక్కడివాళ్ల తీరే అంత. చేసిన పనికి తనే ధర చెప్పడమంటే తన పిల్లను తనే పొగుడుకున్నట్టు. లూపింగ్ లాంటి సిగ్గులేనివాళ్లను పక్కన పెడితే అందరికీ మొహమాటమే, సేరింగ్‌కి మరీను. నెలకోసారి మోటారుసైకిలు మీద ఒకడొచ్చి, అల్లినవన్నీ కట్టగట్టుకుని, కాసిని బియ్యం, నాలుగు చేప డబ్బాలు గుమ్మంలో పెట్టిపోతాడు. ఆవిడ ఏనాడూ ఇంతేనా అని అడగలేదు. ధర చెప్పకపోతే ఈ చాప కూడా వాడి బండెక్కుతుంది.

పెతాంగ్‌కి ఒళ్లు మండింది. "సరే, నేను కొనేదాన్ని. రెండొందలిస్తా, ఇస్తావా?"

"తీసుకో."

"ఓరి దేవుడా! కాదనాలి నాయ్, కాదనాలి! పోనీ నువ్వే బజారుకెళ్లావు, అక్కడ ఇలాంటి చాపుంది. ఎంత పెట్టి కొంటావ్?"

"కొనడమెందుకు? ఇంటికొచ్చి అల్లుకుంటాను."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పెతాంగ్ నవ్వలేకపోయింది. సంత దగ్గర పడుతోంది.

మర్నాడు తెల్లారకముందే ఆవిడ సేరింగ్ గుడిసెకు వెళ్లి కూచుంది. "నేర్పు," అంది. ఎండెక్కితే ఆకు పెళుసుబారుతుంది, అల్లిక పొద్దుటి చల్లదనంలోనే సాగాలి. ముందు ముళ్లు తీయడంలోనే పెతాంగ్ చేతులు చీరుకుపోయాయి. చీలికలు ఒకటి లావు, ఒకటి సన్నం.

"చేపల చేతులు," అని సేరింగ్ ముసిముసిగా నవ్వి, అల్లింది విప్పించి మళ్లీ మొదలెట్టించింది. పొద్దున్న అల్లి, మధ్యాహ్నం ఆకు చీల్చి, చల్లబడ్డాక మళ్లీ అల్లి, చీకటిపడే వేళకు అరచేయంత ముక్క తేలింది. పెతాంగ్ నడుము పట్టేసింది.

"దీనికెంతిస్తావ్ నాయ్?"

"రోజంతా కూచున్నావుగా. చేలో దిగినవాడికి మూడొందలిస్తారు. నీకూ మూడొందలు," అంది సేరింగ్ తడుముకోకుండా. "అంతకంటే తక్కువిస్తే నాకు కళ్లుపోవూ!"

"మరి నీ చాపకి?"

"అది వేరు."

"ఏం వేరు?"

"అది నేను చేసింది కదా."

పెతాంగ్‌కి తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. మెల్లగా అడిగింది. "ఆ చాప పక్కూళ్లో ఇంకో ముసలావిడ అల్లిందనుకో. ఆవిడకెంతివ్వాలి?"

సేరింగ్ రోజులు లెక్కేస్తూ వేళ్లు మడిచింది, మళ్లీ మడిచింది. "ఆవిడకైతే... మూడు వేలివ్వాలి."

"సరే, ఆవిడకే ఇద్దాం," అంది పెతాంగ్. ఆ ధరకు ఈ తీరంలో చాప కొనేవాళ్లు దొరకడం కష్టమని బజారులో పండిన ఆ బుర్రకు తెలుసు. అయినా దానిమీద కప్పుకని రెండొందలు వేసి, చీటీ రాసి చాపకు కట్టింది.

సంత రోజు పొద్దున్నే పట్నం నుంచి ఒక డాక్టరుగారి భార్య కారు దిగింది. నేరుగా చాప దగ్గరికొచ్చి, చెంపకు ఆనించుకుని చూసింది. "పదిహేనొందలిస్తాను. బోణీ బేరం, కాదనకండి."

బోణీ పోగొట్టుకుంటే ఆ రోజు వ్యాపారం నాశనమే. ఆ తీరంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పెతాంగ్ పుట్టి బుద్ధెరిగాక బోణీని వదిలిన పాపాన పోలేదు. రెండు వేలన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. అప్పుడు పక్కనున్న సేరింగ్ వైపు చూసి, పళ్లు బిగించి నోరు మూసుకుంది.

"పక్కూరి ఆవిడ..." అంటూ సేరింగ్ ఆగిపోయింది. చాప అంచు పట్టుకుంది. "ఇది నేనల్లానమ్మా. మూడు వేలు నాకు. రెండొందలు కప్పుకి."

డాక్టరుగారి భార్య నవ్వి, చాప వదిలేసి వెళ్లిపోయింది.

"ఇంకేం, ఈ పూటకి ఈగలు తోలుకుందాం," అని గొణిగింది లూపింగ్.

ఈగలేం తోలుకోలేదు. చక్కెర పొట్లాలూ అల్లంపొడీ సాయంత్రానికి ఊడ్చుకుపోయాయి. కప్పు పూర్తిగా కాకపోయినా ఒక పక్కకైనా రేకులొస్తాయి. చాప ఒక్కటే మిగిలింది.

ఇంటిదారిలో సేరింగ్ చాపను చుట్టి భుజాన వేసుకుంది. ఆ చుట్ట చూస్తే, తన పట్టుదలకు ముసలావిడ కడుపు మాడ్చానేమోనని పెతాంగ్‌కి భయం వేసింది.

"నామీద కోపంగా ఉందా నాయ్?"

"కోపమెందుకు?" కాస్త దూరం నడిచాక సేరింగ్ అంది, "రేపు బండివాడొస్తాడు. ఇంట్లో బియ్యం అడుగంటాయి."

"ఇచ్చేస్తావా మరి?"

ముసలావిడ నిలబడిపోయింది. "ఎలా ఇస్తాను? అందరి ముందూ చెప్పేశాను కదా. వాడికీ అదే చెప్పాలి." భుజం మార్చుకుంది. "నువ్వొచ్చి పక్కన కూచుంటావా ఇండాయ్?"

"రాకేం! వాడి తాట తీసి—"

"నువ్వు మాట్లాడొద్దు. ఊరికే కూచో. నేను చెప్తాను."

పొద్దున్నే వస్తానంది పెతాంగ్.