ఒలీటా బ్రాగ్ తెరిచిన తలుపు

ఒలీటా బ్రాగ్ వెస్ట్ వర్జీనియా బొగ్గు కొండల్లో పుట్టిన మనిషి. వెండెల్ స్ట్రేలీ సెనేటర్‌గా మొదటిసారి గెలిచిన ఏడాది ఆయనతోపాటే వాషింగ్టన్ వచ్చి, ఆఫీసు ముందుగదిలో బల్ల వేసుకుని కూర్చుంది. ఏ దేశపు రాజధానిలో చూసినా అధికారం ఉండేది లోపలి గదిలోనే. సుల్తానుల కొలువుల్లోనూ అంతే. కాని అక్కడికి ఎవరు ఎప్పుడు చేరాలో తేల్చేది మాత్రం ముందుగది మనుషులే.

స్ట్రేలీ గని కార్మికుడి కొడుకు. లాయరై, కార్మికుల తరఫున వాదించి, ఆ పేరుతోనే గెలిచాడు. గెలుస్తూనే వచ్చాడు. ఆయన చేసినవాటిలో చెప్పుకోదగ్గది ఒక చట్టం. ఏళ్ల తరబడి గనిలో దిగినవాడికి ఊపిరి అందకపోతే అది బొగ్గు ధూళి వల్లేనని చట్టం నమ్ముతుంది. కాదని నిరూపించుకోవలసింది కంపెనీ. అది నెగ్గిన రోజు ఒలీటా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

జుట్టు పూర్తిగా తెల్లబడ్డాక ఆయన ఇక పోటీ చెయ్యనన్నాడు. పదవి దిగినవాళ్లు నియమం ప్రకారం ఆగాల్సినంత కాలం తానూ ఆగి లాబీయిస్టు అయ్యాడు. అంటే జీతమిచ్చేవారి తరఫున పాత సహచరుల చెవిలో మాట వేసే పని. ఆ ఊళ్లో దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆయన స్థానంలో వచ్చిన మొరీన్ టాకెట్ ఒలీటాను అదే బల్ల దగ్గర ఉంచుకుంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం కమిటీలో ఓటు. స్ట్రేలీ చట్టాన్నే తిరగేసే సవరణ అది: జబ్బు ధూళి వల్లే వచ్చిందని ఇకపై కార్మికుడే నిరూపించుకోవాలి. టాకెట్ ఇంకా ఎటూ తేల్చుకోలేదు. ఆమెకు తమ గోడు చెప్పుకుందామని ఇద్దరు పాత గని కార్మికులు బస్సులో వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. ఒకడు హోబర్ట్. రెండోవాడు ఒలీటా అన్న డెల్బర్ట్. ముక్కుకు గొట్టం, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు.

వాళ్ల వంతు రాబోతుండగా స్ట్రేలీ వచ్చాడు.

ఆ భవనంలో ఒకసారి సెనేటర్ అయినవాడు చచ్చేదాకా సెనేటరే. ఎవరి ముందుగదిలోనూ వాళ్లని కూర్చోబెట్టరు. ఒలీటా ఆలోచించలేదు. లేచి, తలుపు తీసి, "రండి సెనేటర్ గారూ" అంది. తలుపు మూసుకున్నాక గాని తానేం చేసిందో ఆమెకు తట్టలేదు.

"చూశావట్రా, మన ముసలాడొచ్చేశాడు," అన్నాడు డెల్బర్ట్ సంబరంగా. "ఇంక మనం నోరు తెరిచే పన్లేదు. అన్నీ ఆయనే చెప్తాడు."

"మంచిదే. నీ ఊపిరి కాస్త మిగుల్తుంది."

"నా ఊపిరి సంగతి నీకెందుకురా, నీ దగ్గు సంగతి చూస్కో."

ఇద్దరూ నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. అది తగ్గేదాకా ఆగి ఒలీటా మెల్లగా చెప్పింది.

"అన్నా, ఆయనొచ్చింది మనకోసం కాదు. కంపెనీల తరఫున. ఆ సవరణకి ఓటెయ్యమని అడగడానికి."

డెల్బర్ట్ మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. "తెలిసే తలుపు తీశావా?"

"తెలుసు. అలవాటుకొద్దీ తీసేశాను."

"అలవాటేనమ్మా," అన్నాడు హోబర్ట్. "తెల్లారేసరికి గనిలోకి దిగడం మాకూ అలవాటే. ఇదిగో, ఇట్లా అయ్యాం."

టాకెట్ కమిటీకి వెళ్లే వేళ దగ్గర పడుతోంది. ఒలీటా లేచింది. సెనేటర్ మాట్లాడుతుండగా తట్టకుండా తలుపు తీసినవాళ్ల ఉద్యోగాలు అక్కడ నిలవవు. ఆమె తీసింది.

"మేడమ్, ఇది వీళ్లకిచ్చిన టైము. మిస్టర్ స్ట్రేలీ చెప్పేదేదో వీళ్లూ వింటారు."

ఆయన్ని ఆమె మిస్టర్ అనడం అదే మొదలు. స్ట్రేలీ ముఖంలో ఏదో కదిలింది. అయినా లేచి ఇద్దరితో చెయ్యి కలిపాడు. పేర్లు మరిచిపోలేదు.

"డెల్బర్ట్, ఎలా ఉన్నావయ్యా?"

"కూర్చుంటే బాగానే ఉంటానండీ. మీ మాటకి అడ్డమొచ్చాం. కానివ్వండి."

"కాలం మారింది, డెల్బర్ట్. కంపెనీలు మూతపడితే కుర్రాళ్లకి పనులుండవు. నిజంగా ధూళి జబ్బే అయితే భయమేముంది? డాక్టరు ఒక్క కాగితం రాసిస్తే చాలు." గొంతు అదే గొంతు, ఊరి సభల్లో విన్న గొంతు.

"మీ నాన్నగారు దగ్గి దగ్గే పోయారు గదండీ. కంపెనీ డాక్టరు గుండెజబ్బని రాశాడు. మాకా సంగతి చెప్పింది మీరే. చెప్పి, ఓట్లడిగారు."

పగవాళ్ల ప్రశ్నలకు నిలబడి గంటలకొద్దీ జవాబు చెప్పిన మనిషి స్ట్రేలీ. ఇప్పుడు మాత్రం కోటు తీసుకున్నాడు. "నేను చెప్పాల్సింది చెప్పాను, మొరీన్," అని మెల్లగా బయటికి నడిచాడు.

సవరణ ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. ఆ ఓటు టాకెట్‌ది.

తిరిగొచ్చాక ఆమె ఒలీటాను లోపలికి పిలిచింది. "ఇంకోసారి తట్టకుండా రాకు."

"అలాగే మేడమ్."

"ఆయనకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పు."

ఒలీటా తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ పోతే శవపేటికకి భుజమిచ్చిన మనిషి మేడమ్ ఆయన. ఇంకెందుకైనా చెప్తాను. దీనికి మాత్రం చెప్పలేను."

టాకెట్ మళ్లీ అడగలేదు.

సాయంత్రం ఒలీటా అన్నను బస్సు దాకా దిగబెట్టింది. హోబర్ట్ సిలిండరును పైకెక్కించాడు. డెల్బర్ట్ ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కి, చివరి మెట్టు మీద వెనక్కి తిరిగాడు.

"ఒలీటా, ముసలాడి చెయ్యి బాగా చల్లగా ఉందే. ఒంట్లో బాగోలేదేమో, కనుక్కో."