మా నాన్న గీసిన బొమ్మలో ఖాళీ గడి

నా చిన్నప్పుడు స్టీలు ప్లాంటు కాలనీ సెక్టర్ 7లో మా క్వార్టరు ముందు గదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే, అదే ఎత్తులో, బ్లాస్ట్ ఫర్నేసు బొమ్మ ఒకటి వేలాడుతూ ఉండేది. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని ప్లాంటులో ఇచ్చిన క్యాలెండరు కాబోలనుకునేవారు. అది మా నాన్న సొంతంగా తయారుచేసిన సిద్ధాంతం. మనిషన్నవాడు ఏదైనా సాధించాలంటే ఏ పనికి ముందు ఏ పని చెయ్యాలో అంతా అందులో ఉందని ఆయన నమ్మకం. అమ్మ రెండింటికీ కలిపే హారతి ఇచ్చి, ముసిముసిగా నవ్వుకుంటూ లోపలికి పోయేది.

నాన్న శ్రీకాకుళం వైపు ఒక పల్లెనుంచి ఈ హిందీ మాట్లాడే ఊరికి వచ్చి ఫర్నేసులో పనికి కుదిరాడు. కరిగిన ఇనుము కిందనుంచి బయటికి పారే చోట ఆయన డ్యూటీ. చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ ఆలోచన మాత్రం ఆగలేదు. రోజూ ఆ ఫర్నేసుని చూడగా చూడగా మనిషి బతుకు కూడా అలాగే నడుస్తుందని ఆయనకి తోచింది. పైనుంచి మూడు రకాల సరుకు పడుతుంది. ఇనుపరాయి మనకి పుట్టుకతో వచ్చిన తెలివి. బొగ్గు మనం పడే కష్టం. సున్నపురాయి మంచినీ చెడునీ విడదీసుకునే బుద్ధి. కిందనుంచి ఊదే వేడిగాలి మన అవసరం. ఇవన్నీ పాళ్ళ ప్రకారం వేసి ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంటే కింద ఇనుము దిగి తీరాలి. దిగలేదంటే సరుకులో లోపం ఉందన్నమాట.

ఆయన పాత క్యాలెండరు వెనకాల పెన్సిల్‌తో గీసిన దాన్ని తెల్లటి చార్టు మీద స్కెచ్ పెన్నులతో దించింది నేనే. అప్పుడు నాకు పదేళ్ళు. ఒక్కో సరుక్కీ ఒక్కో గడి గీసి, అందులో గుండ్రటి అక్షరాలతో పేరు రాశాను. స్కూల్లో అప్పుడప్పుడే నిష్పత్తుల లెక్కలు నేర్చుకుంటున్న నాకు అంతకంటే అందమైన సంగతి లోకంలో కనిపించలేదు. కనిపించిన ప్రతివాళ్ళనీ దాంతో కొలిచేదాన్ని. పక్కింటి అన్న లెక్కల్లో తప్పితే బొగ్గు చాలలేదని తేల్చేశాను. నాన్న మురిసిపోయాడు. అమ్మ మాత్రం పొయ్యి రాజేస్తూ, "ముందు నా సిగిడీలోకి బొగ్గులు తెండి, తరవాత ఊరందరి బతుకులూ కరిగిద్దురు గాని," అంది.

ఆ ఏడు ప్లాంటులో పనివాళ్ళలోంచి కొందరిని ఆఫీసర్లుగా తీసుకుంటామన్నారు. ముందు పరీక్ష, తరవాత ఇంటర్వ్యూ. నాన్న వయసుకి అదే ఆఖరి అవకాశం. ఆయన దాన్ని ఎంతగా కోరుకున్నాడో నాకు ఆయన చొక్కాలవల్ల తెలుసు. ఇనుము పారేటప్పుడు ఎగిరే నిప్పురవ్వలు పడి ఆయన చొక్కాలన్నీ జల్లెడలా ఉండేవి. అమ్మ కుట్టిన చోటే మళ్ళీ కుట్టేది. చిల్లుల్లేని చొక్కాతో ఇంటికొచ్చే ఉద్యోగం కావాలని ఒకసారి ఆయన అమ్మతో అనగా విన్నాను. ఆయన నోట అలాంటి కోరిక నేను విన్నది అదొక్కటే.

ఏడాదంతా చదివాడు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, నేలమీద చాప వేసుకుని కూర్చునేవాడు. ఇంగ్లీషు మాటలు నేను అడిగితే ఆయన అప్పజెప్పేవాడు. కునుకు వస్తే లేచి పంపు కింద తల పెట్టి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. సాయంత్రం కాగానే నేను చార్టు దగ్గరికి వెళ్ళి, బొగ్గు గడి పక్కన పెన్సిల్‌తో ఒక గీత పెట్టేదాన్ని. రాత పరీక్ష గట్టెక్కింది. కొత్త తెల్ల చొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడు. నేను ఆగలేక మా క్వార్టర్ల లైనంతా, మా క్లాసంతా మా నాన్న ఆఫీసరు అయిపోయాడని చాటేశాను. సిద్ధాంతం ప్రకారం అయిపోయినట్టే కదా మరి.

లిస్టు వచ్చిన రోజు నాన్న ఎప్పటి వేళకే వచ్చాడు. సైకిలుకి స్టాండు వేశాడు, కాళ్ళు కడుక్కున్నాడు, టిఫిన్ డబ్బా అమ్మ చేతికిచ్చి, "పేరు నేదు," అన్నాడు. ఆయనకి ఎవరూ అన్యాయం చెయ్యలేదు. ఉద్యోగాలు కొన్నే, మనుషులు చాలామంది, అంతే. అమ్మ మంచినీళ్ళు తెచ్చింది. నేను చార్టు పక్కన నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళ తరవాత కూడా నా తరఫున చెప్పుకోగలిగింది ఒక్కటే. నాన్నని నొప్పించాలని నాకు లేదు. లెక్క ఎక్కడ తప్పిందో చూసుకుంటున్నాను.

"అయితే నువ్వు సరిగ్గా కష్టపడలేదన్నమాట నాన్నా," అన్నాను.

అమ్మ చెయ్యెత్తింది. నాన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "దాన్నేటీ అనకు. నాను సెప్పిందే అది సెప్పింది," అన్నాడు. తరవాత నావైపు చూసి, నేనేదో పెద్ద మాట అన్నట్టు మర్యాదగా తల ఊపి, "అంతే అయ్యుంటాదమ్మా," అన్నాడు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

ఆ వారం సెలవు రోజున పొద్దున్నే నన్ను సైకిలు ముందు కడ్డీమీద కూర్చోబెట్టుకుని ఊరి పక్కనున్న జాముల్ తీసుకెళ్ళాడు. సిమెంటు ఫ్యాక్టరీ బయట, లారీల నుంచి రోడ్డు పక్కన ఒలికిపడ్డ బూడిదరంగు ఇసకలాంటిది గుప్పెడు తీసి నా దోసిట్లో పోశాడు. గరుగ్గా ఉంది.

"ఇదేటో తెలుసా? స్లాగు. ఇనుప చిట్టెం. మన ఫర్నేసులోదే," అన్నాడు. నాకు తెలిసిన స్లాగు వేరు. సాయంత్రాలు ప్లాంటు అవతల దాన్ని కరిగిన నిప్పులా పారబోస్తుంటే ఆకాశమంతా ఎర్రబడేది, మేం డాబా ఎక్కి చూసేవాళ్ళం.

"రోజూ సూస్తన్నాను, అయినా నా బొమ్మలో దీన్ని ఎయ్యడం మర్సిపోయేను. సరుకు ఎంత మంచిదేసినా, ఇనుం ఎంత బాగా దిగినా, దాని నెత్తిమీద ఇదీ దిగుతాది. అది ఎవుడి తప్పూ కాదమ్మా. దీంతోనే ఇక్కడ సిమెంటు సేస్తారంట..."

ఆ తరవాత ఇంకా ఏదో చెబుతాడని ఎదురుచూశాను. కథలకి చివర ఒక మాట ఉంటుంది కదా, దానికోసం. ఆయన గొంతు సవరించుకున్నాడు, భుజంతో మొహం తుడుచుకున్నాడు, ఎండెక్కింది పదమన్నాడు. దారిలో మాత్రం, "ఇంటికెల్లి ఓ గడి గియ్యి. అందులో ఏటి రాయాలో ఆలోసించి సెప్తాను," అన్నాడు.

గడి గీశాను. ఆయన చెప్పలేదు. వానలు వెళ్ళాక ఇంటికి సున్నం కొట్టించినప్పుడు చార్టు తీసి ట్రంకుపెట్టెలో పెట్టారు, మళ్ళీ గోడకి ఎక్కలేదు. రిటైరయ్యేదాకా నాన్న ఆ నిప్పురవ్వల దగ్గరే పనిచేశాడు. నేను టీచర్నయ్యాను, పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఆ రోజు అన్న మాట ఎన్నోసార్లు నాలుకదాకా వచ్చింది, క్షమించు నాన్నా అని అందామనుకున్నాను. పాపం ఆయన ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు, తవ్వి గుర్తుచెయ్యడం దేనికని ఊరుకున్నాను.

ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే చార్టు దొరికింది. పైన గడుల్లో నా గుండ్రటి అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. బొగ్గు పక్కన నా పెన్సిల్ గీతలు వరసగా అలాగే ఉన్నాయి. అట్టడుగున గీసిన గడి మాత్రం ఖాళీ. చదువుదామని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి ఎత్తితే, ఆ ఒక్క గడిలోంచే వెలుతురు ఇవతలికి వస్తోంది. రాసి చెరిపి, మళ్ళీ రాసి చెరిపి, కాగితం ఉల్లిపొరలా అరిగిపోయింది. ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. ఆయన మరిచిపోలేదు. పదేళ్ళ పిల్ల అన్న ఒక్క మాటకి జవాబు వెతుక్కుంటూ ఎన్నేళ్ళు ఆ పెట్టె తెరిచాడో నాకు తెలియదు.

ఈమధ్య ఇదే ఊళ్ళో స్మృతి నగర్‌లో మా ఇంటికి మనవరాలు వచ్చింది. అది రాసిన ప్రవేశపరీక్ష లిస్టులో దాని పేరు లేదు. తెలుగు కంటే దానికి హిందీయే బాగా వచ్చు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "సచ్ మే పఢీ థీ అమ్మమ్మా, నిజంగా చదివాను," అంది, నేరం ఒప్పుకుంటున్న దానిలాగా.

"నాకు తెలుసు," అన్నాను.

అది నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తనకోసమే ఏడుస్తున్నానని అనుకుంది పిచ్చిది. దానికి చెప్పిన ఆ రెండు మాటలూ పదేళ్ళ వయసులో, ఆ చార్టు పక్కన నిలబడి, నేను మా నాన్నకి చెప్పవలసినవి.