కాశీకి అమ్మే వెళ్ళింది

నాన్న పోయినప్పుడు బాబాయి కొడుకు తలకొరివి పెట్టాడు. మేం ఇద్దరం ఆడపిల్లలమే. అస్థికల్లో సగం వేదాద్రి దగ్గర కృష్ణలో కలిపారు. మిగతావి ముంతలో పెట్టి, ఇంట్లోకి తేకూడదని, జగ్గయ్యపేటలోని మా పెరటి వేపకొమ్మకు కట్టారు. వాటిని కాశీలో కలపాలని అమ్మ పట్టు.

పెద్దకర్మ అయ్యాక బాబాయి, "మావాడు సెలవు చూసుకుని వెళ్ళొస్తాడులే వదినా" అన్నాడు.

"వాణ్ణి ఇబ్బంది పెట్టొద్దు. నేనే తీసుకెళ్తా."

"ఆడవాళ్ళు కలపడమేంటి? పైగా నీకు మోకాళ్ళ నొప్పులు."

"ఉంటే ఉన్నయ్. కొట్టు కట్టేసి ఒక్కసారన్నా కాశీ వెళ్దామనుకున్నాం. ఆయనుండగా కుదర్లేదు. ఇప్పుడు ఇద్దరం కలిసే వెళ్తాం."



నందిగామ నుంచి కాశీకి యాత్రల బస్సు వెళ్తుంది. వంటవాళ్ళూ గ్యాస్ బండలూ అందులోనే. అమ్మకు తోడుగా నేనూ ఎక్కాను. చాలామంది మాలాగే అస్థికలతో వచ్చినవాళ్ళేనని ఎక్కాకే తెలిసింది. ఎక్కడ బస చేసినా అమ్మ ముంతను గదిలోకి తేలేదు. బస్సులోనే కొక్కేనికి కట్టి, పొద్దున్నే వెళ్ళి ముడి చూసుకునేది. నాగపూర్ దాటేసరికి బస్సంతా కబుర్లే. ఎవరో ఏదో అంటే నవ్వొచ్చి, ఆపుకొని అమ్మ వైపు చూశాను.

"నవ్వు. మీ నాన్న మొహం ముడుచుకుని ప్రయాణం చేసే మనిషి కాదు" అంది.

కాశీలో తెలుగు పురోహితుడు, "కర్త ఎవరమ్మా?" అని అడిగాడు.

"నేనేనండి. కొడుకుల్లేరు. అలాంటప్పుడు భార్య చెయ్యొచ్చని మా ఊళ్ళో అయ్యగారిని అడిగే వచ్చా."

ఆయన దర్భ పవిత్రం అమ్మ చేతికిచ్చాడు.

ఘాట్ మెట్లు ఎత్తుగా ఉన్నాయి. నిలబడి దిగలేక అమ్మ కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగింది. ముంత మాత్రం నాకివ్వలేదు. పడవ నది మధ్యకు వెళ్ళాక తనే మూత విప్పి, అస్థికలు నీళ్ళలో వదిలింది. నాన్న పోయాక అమ్మ గొంతెత్తి ఏడవడం అప్పుడే చూశాను. నేను పట్టుకుని కూర్చున్నాను. పడవవాడు తెడ్డు వేయడం ఆపి, అమ్మ ఊరుకునేదాకా ఆగాడు.

ఒడ్డుకొచ్చాక మొహం కడుక్కుని, "సారనాథ్ ఎంత దూరమో కనుక్కో. అదీ చూడాలనేవారు" అంది.

ఆటోలో వెళ్ళాం. ఆ పెద్ద స్తూపం చుట్టూ కుంటుకుంటూనే తిరిగింది. తిరిగొచ్చి చెట్టు నీడన కూర్చుని, జామకాయ కొనుక్కుని తింది.

ఇంటికొచ్చి కాశీ సమారాధన చేశాం. భోజనాలయ్యాక, ఈమధ్యే భర్త పోయిన వెనక వీధి ఆవిడ అమ్మ పక్కన చేరింది. ఆవిడకూ కొడుకుల్లేరు.

"నాతో వస్తారా అక్కయ్యగారూ? ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉందండి."

"వస్తా" అంది అమ్మ. తర్వాత నన్ను పిలిచి, బస్సు మళ్ళీ ఎప్పుడో కనుక్కుని, ముందు సీట్లు అడగమంది.