విత్తనపు కాయలు, మిషన్ల గాలి

మే నెల ఎండలో గుంటూరు బస్సెక్కి, సంచిలో స్వెట్టరు పెట్టుకుని పనికి వెళ్లేదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. సంచి పైకి కనపడే ఉన్ని చెయ్యి చూసి పక్కసీట్లో వాళ్లు, "ఒంట్లో బాలేదా అండీ?" అని అడిగేవారు. నేను పనిచేసే చోట చలండీ అంటే ఒక్కరూ నమ్మేవారు కాదు.

నాది ఊరి బయట, హైవే పక్కనున్న డేటా సెంటర్‌లో ఊడ్చి తుడిచే పని. జనం ఫోన్లలో పంపుకునే ఫొటోలు, ఆసుపత్రి రిపోర్టులు, పిల్లల మార్కులు, ఇలాంటివన్నీ అక్కడ బీరువాల్లాంటి మిషన్లలో ఉంటాయి. అవి పగలూ రాత్రీ నడుస్తూ వేడెక్కుతాయి. ఆ మిషన్ల గది నేల కింద నుంచి చల్లగాలి పైకి తోలి, లోపలి వేడిని గొట్టాల్లోంచి బయటికి పంపిస్తారు. వెనక గోడ బయట, రేకుల చూరు కింద వరసగా పెద్ద ఫ్యాన్ల పెట్టెలుంటాయి. ఆ వేడంతా వాటి ముందు నుంచి వడగాలిలా కొడుతుంది. పత్తి రోజుల్లో పక్కనున్న జిన్నింగ్ మిల్లు దూది ఎగిరొచ్చి వాటి వెనక వలలకు పట్టుకుంటే, పైపుతో నీళ్లు కొట్టి కడిగేవాళ్లం. వానాకాలంలో తడిసిన నా చెప్పులు ఆరేది ఆ పెట్టెల ముందే.

అక్కడ కరెంటు పోవడమన్నది లేదు. ప్రతి మిషన్‌కీ రెండు తీగలు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. ఒక దారిలో ఆగితే రెండో దారిలో వస్తుంది. రెండూ ఆగితే ఒక గది నిండా బ్యాటరీలు, అవి అయిపోయేలోపు జనరేటరు. నేను చేరినప్పుడు నాకు చదువు రాదు. ఏ తలుపు ఏ గదిదో రంగుల్ని బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. యాభై దాటాక మా వీధి మహిళా సంఘం వాళ్లు సాయంత్రాలు చెప్పిన క్లాసుల్లో అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత తలుపుల మీద రాసినవి చదువుతుంటే, ఏళ్ల తరబడి ముఖం మాత్రమే తెలిసిన వాళ్ల పేర్లు ఒకరోజు తెలిసినట్టనిపించింది.

ఒక ఏడు మిరప కోతల మీద ముసురు పట్టింది. వినుకొండ దగ్గర పల్లెలో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్ చేసింది. ఆమె మామూలుగా మాట్లాడినా పక్కింటికి వినపడుతుంది. ఆ రోజు ఇంకా గట్టిగా ఉంది.

"ఏమే, నా విత్తనపు కాయ పోయేట్టుందే! పట్టా కప్పినా కింద నుంచి చెమ్మెక్కింది. బూజు వాసనొస్తంది."

వాళ్ల అత్తగారి నాటి నుంచీ వదిన ఒక నాటు రకం మిరప వేస్తోంది. చిన్న కాయ, ముదురు ఎరుపు. కొట్లో ఆ విత్తనం దొరకదు. ఊళ్లో మిగతావాళ్లంతా ప్యాకెట్ విత్తనాలకు మారిపోయారు. ఆ ఏటి కాయ పాడైతే ఆ రకం ఇక లేనట్టే.

"ఫ్యాను కింద పోశావా వదినా?"

"కరెంటుంటే గదా ఫ్యాను తిరిగేది! నాలుగు చినుకులు పడితే మా ఊళ్లో కరెంటు పోద్దని తెలీదా నీకు?"

"మా దగ్గర పోదు వదినా. వెనక వేడిగాలి ఎప్పుడూ కొడతానే ఉంటది" అన్నాను. ఊరికే, మాటవరసకి.

"అయితే పొద్దున్నే బస్సుకొస్తన్నా" అని పెట్టేసింది.

నేనింకా ఎవరినీ అడగలేదు. మా షిఫ్టు చూసే ఇంజనీరు కుర్రాడు చీరాల వైపు వాడు, మర్యాదస్థుడే గాని రూలు తప్పడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి చెప్పాను.

"మిరపకాయలేంటమ్మా! ఇక్కడికి బయటివాళ్లు రావడమే కుదరదు."

"బయటివాళ్లెవరూ రారు బాబూ. మా వదిన కంచె అవతలే ఉంటది. కాయలొక్కటే లోపలికొస్తాయి."

నవ్వాపుకుంటూ తల గోక్కున్నాడు. "మా నాన్నది వాడరేవులో చేపలు ఎండబెట్టే పనమ్మా. ముసురు పడితే ఇంట్లో ఎట్లా ఉండేదో నాకు తెలుసు. సరే, రెండు రోజులు. పెట్టెల వెనక వైపు గాలి పీల్చుకునే చోట గుడ్డ ముక్క కూడా అడ్డం ఉండకూడదు. ముందు కూడా దూరంగా పరవాలి. గాలి ఆడకపోతే లోపల మిషన్లు ఉడికిపోతాయి. ఇంకొకటి, అడిగినట్టు ఒక కాగితం రాసివ్వండి. రేపు పైవాళ్లు అడిగితే చూపించాలి."

సంతకం తప్ప నేను ఆఫీసు కోసం రాసిన మొదటి కాగితం అదే. "మా వదిన విత్తనపు మిరపకాయలు తడిసినవి. వెనక గాలికి రెండు రోజులు ఆరబెట్టుకోనివ్వగలరు" అని రాసిచ్చాను.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంకేముంది బాబూ రాయడానికి?"

వదిన గోతం నెత్తిన పెట్టుకుని దిగింది. కంచె అవతల గొడుగేసుకుని బండరాయి మీద కూర్చుంది. నేను పని మధ్యలో వీలైనప్పుడల్లా వెళ్లి కాయలు తిరగేస్తుంటే కంచెలోంచి కేకలు. "ఒకేచోట కుప్ప పొయ్యొద్దే! చేత్తో కాదు, కాలితో కదుపు! ఆ మూలవి ఎవరు తిప్పుతారు, మీ ఆయనొస్తాడా?" గేటు దగ్గర కాపలా ఆయన ఆ రెండు రోజులూ టీ గ్లాసు పట్టుకుని మా వైపే కుర్చీ వేసుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం వాన ఆగి, గాలి మళ్లింది. నేను కాళ్లతో కాయలు కదుపుతున్నాను. బ్యాటరీల గదికి బయటి గాలి పీల్చే చిన్న ఫ్యాను ఒకటి అదే గోడకు ఉందన్న సంగతి నాకు గాని ఇంజనీరుకు గాని తట్టలేదు. ఘాటు దాంట్లోంచి పోయి, పక్కనే మనుషులు కూర్చునే గదిలోకి పాకింది. ముందు లోపల ఎవరో తుమ్మారు. తర్వాత ఇంకొకరు. కాసేపటికి ఇంజనీరుతో సహా ముగ్గురు ముక్కులు మూసుకుని వెనక తలుపులోంచి బయటపడ్డారు, కళ్లనిండా నీళ్లు.

"అమ్మా... ఏం... హాచ్! ఏం చేశారమ్మా?"

నా పని పోయిందనే అనుకున్నాను. కంచె అవతల వదిన లేచి నిలబడింది.

"ఏమైందే వాళ్లకి?"

"నీ కాయల ఘాటు లోపలికి పోయింది వదినా! తుమ్ముతున్నారు."

"ఊరికే ఒకటీ అరా? ఆపకుండానా?"

"ఆపకుండానే!"

"అయితే ఎండినయ్యే! చెమ్మ కాయకి ఘాటు లేవదు. బాబూ, మీరు చల్లగుండాలి, ఇంకోసారి తుమ్మండి నాయనా!"

అతను కోప్పడబోయాడు గాని తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకి మిగతా ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. మిషన్లకేమీ కాలేదు. వాటి గదిలో గాలి అక్కడక్కడే తిరుగుతుంది, బయటి గాలి సోకదు. తుమ్మింది మనుషులే. చిన్న ఫ్యాను ఆపించి, తలుపులు బార్లా తెరిచి, "ఇక చాలమ్మా, తీసేయండి" అన్నాడు. నేను గోతంలోకి ఎత్తి కంచె పక్కకు తెస్తే వదిన ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది. గలగలమంది.

కాని ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం మెల్లగా అంది, "ఎండడం ఎండినయ్యే. మిషను వేడి గదా, లోపల విత్తు చచ్చిందో ఏమో. మొలిస్తే గాని చెప్పలేం."

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంజనీరుతో చెబితే అతన్నీ వదల్లేదు. ఎండాకాలమంతా, వరండాలో ఎదురైనప్పుడల్లా, "మొలిచాయా అమ్మా?" అనేవాడు. "ఇంకా నారు పొయ్యలేదు బాబూ, వానలు పడాలి" అనేదాన్ని. బ్యాటరీలూ జనరేటర్లూ చూసుకునే మనిషి, మబ్బు పడితే కిటికీలోంచి ఆకాశం చూసేవాడు.

వానలు పడి నారుమళ్లు పోసిన కొన్నాళ్లకి, నేను మెట్లు తుడుస్తుంటే వదిన ఫోన్ చేసింది. ఎత్తగానే, "మొలిచినయ్యే!" అన్న కేక. స్పీకర్ నొక్కకపోయినా మెట్ల పైనున్న ఇంజనీరుకు వినపడింది. పరుగున దిగొచ్చాడు.

"అన్నీ మొలిచాయా అండీ?"

"మడి నిండా జుట్టులాగా లేచినయ్ నాయనా! కాపుకొచ్చాక మా ఊరు రా, ఆ కాయతోటే కోడికూర వండిపెడతా."

"తప్పకుండా వస్తానండీ. కారం కొంచెం తగ్గించి వెయ్యండి."

"కారం తగ్గించడానికా బాబూ, ఇంత తంటా పడి దాన్ని బతికించింది!"