స్టీరింగ్ అతుకు

ఆ షెడ్డులో అందరూ ఆయన్ని జాగ్రత్త మావయ్య అంటారు. ఊరికే అంటారా మరి? పాత కార్లకు కొత్త రూపమిచ్చే ఆ షెడ్డులో లేత్ పనీ వెల్డింగూ ఆయనవే. చెయ్యి బంగారం, గుండె మాత్రం పిచ్చుక గుండె. కారెక్కితే చాలు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. ఎక్కకుండా ఉందామంటే అక్కడి నియమం ఒప్పుకోదు. స్టీరింగో బ్రేకో ఎవరు చేస్తే వాళ్లే, బండి మొదటిసారి రోడ్డెక్కినప్పుడు డ్రైవరు పక్కన కూర్చోవాలి. ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని, తలుపు పిడి పట్టుకుని, లోలోపల తిట్టుకుంటూ కూర్చుంటూనే ఉన్నాడు పాపం.

ఇప్పుడు షెడ్డు నడిపేది ఆయన మేనకోడలు. చెల్లెలి కూతురు, ఆయన చంకనెత్తుకుని పెంచిన పిల్ల. లోపల జీపుకు వేరే ఇంజను ఎక్కుతోంది. మూలనున్న వ్యాను పడకగదిగా మారుతోంది. పైకప్పు తీసేసిన ఎర్ర కారు మాత్రం ఆ ఉదయమే సిద్ధమైంది.

మేనకోడలు తాళం చేతపట్టుకుని, పక్కన కూర్చోవడానికి మావయ్యను పిలిచింది. ఆయన లేచి, నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఆ కారు స్టీరింగ్ రాడ్డు రెండు ముక్కలనూ అతికించింది తనే. ముందు వంకర పోకుండా అక్కడక్కడా వెల్డింగు చుక్కలు పెట్టి నిలబెడతారు, తర్వాత చుట్టూ నిండుగా వెల్డింగ్ చేస్తారు. చుక్కలు పెట్టడం గుర్తుంది. ఎవరో లేత్ దగ్గరికి పిలవడం గుర్తుంది. తిరిగొచ్చి చుట్టూ వేశాడా? ఎంత తన్నుకున్నా గుర్తు రాదే! ఇప్పుడు దానిమీద మందంగా రంగు, ఆపైన రబ్బరు తొడుగు. వట్టి చుక్కలే అయితే మొదటి మలుపులోనే పుటుక్కుమంటుంది.

మరిచిపోయానని చెప్పడానికి సిగ్గేసి, ఇవాళ భయంగా ఉంది వద్దని మాత్రం అన్నాడు. ఇంకేముంది, జీపు దగ్గరున్న పెయింటరు పడీపడీ నవ్వాడు. నీకు భయం లేనిదెప్పుడని మేనకోడలు వెక్కిరించి, సరే తనే వెళ్లొస్తానని ఇంజను స్టార్టు చేసింది. రోజూ భయపడేవాడి భయాన్ని ఎవరు లెక్కచేస్తారు?

కారు గేటు దాకా వెళ్లింది. అవతల పల్లం, పల్లం చివర లారీలు తిరిగే మలుపు. అప్పుడా సిగ్గు ఎటు పోయిందో గానీ, మావయ్య పరుగున వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"అతుకు పూర్తి చేశానో లేదో గుర్తు రావట్లేదమ్మా. దిగు."

ఆ పిల్ల ఆయన ముఖంలోకి చూసి ఇంజను ఆపేసింది.

"చేశావు మావయ్యా. నిన్న మధ్యాహ్నమే. రాడ్డు కదలకుండా పట్టుకున్నది నేనే కదా?"

తనను ఓదార్చడానికే అలా అంటోందని ఆయన అనుకున్నాడు. ససేమిరా వినలేదు. బండిని వెనక్కి తోయించాడు, తొడుగు లాగేశాడు, రంగు తనే గీకాడు. చివరికి ఇనుము బయటపడింది. చుట్టూ నిండుగా, ఎక్కడా వెలితి లేని వెల్డింగ్. ఆయన చేతి పనేనని గుడ్డివాడు తడిమినా చెప్పగలడు.

పెయింటరు హమ్మయ్య అనుకుని తన పనికి పోయాడు. మావయ్య మాత్రం ఆ అతుకు మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాడు. నిన్న మధ్యాహ్నాన్ని ఎంత వెతుక్కున్నా ఈ పని కనబడలేదు, పక్కన పిల్లా కనబడలేదు. ఇందాకటి భయం దీని ముందు ఏపాటిది? మేనకోడలు వచ్చి పక్కనే చతికిలబడి, ఆయన చెయ్యి పట్టుకుంది.

మావయ్య పెయింటరుకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"నిన్న నేను ఇంకేమేం చేశానమ్మా?"